పన్నెండు, ఇరవై

నాలుగేళ్ళ తర్వాత పొన్నమ్మాళ్ తమ్ముడు దొరసామి ఇంటికి వచ్చింది. వాడు పిలిచాడనా? వాడి తలకాయ! మరదలు పాంచాలి బిడ్డను కన్నదని తెలిసి, మనసు ఉండబట్టక వచ్చింది.

మొగుడు పోయాక పొన్నమ్మాళ్ పీలమేడులో ఒక నూలు మిల్లులో దారం చుట్టే పనికి చేరింది. ఆ సంగతి తెలిసిన రోజు దొరసామి, "మన ఇంటి ఆడది మిల్లుకు పొయ్యేదా? ఎవరైనా అడిగితే నాకు అక్కే లేదని చెప్తా" అన్నాడు. అన్నంత పనీ చేశాడు. ఆమెకు ఆ మాట ఇంకా మంటగానే ఉంది.

ఆ ఉదయం కాఫీ లోటాతో ఆమె పెరట్లోకి వచ్చేసరికి, వేరుసెనగ చేలో అడవిపందులు పడి తవ్వేస్తున్నాయి. దొరసామి తన రెండు గొట్టాల తుపాకీని మధ్యకు విరిచి తెరిచి, రేకుపెట్టెలోంచి ఒక తూటా తీసి కుడి గొట్టంలో వేసి, మూసి, గురిపెట్టి మీట నొక్కాడు.

టక్. అంతే.

మళ్ళీ విరిచి చూస్తే తూటా లేదు. "అబ్బ, తొందరలో వెయ్యనేలేదు" అంటూ పెట్టెలోంచి ఇంకొకటి తీశాడు.

"వేసినావురా. నా కళ్ళారా చూసినాను. పసుపుది వేసినావు, ఇది ఎర్రది" అంది పొన్నమ్మాళ్.

"వేసుంటే యాడికి పోతాదక్కా? కింద పడుంటాది."

ఆమె కింద వెతికింది. లేదు. పెట్టెలోంచి రెండు రంగులవీ తీసి అడుగు చూసింది. ఎర్రదాని మీద పన్నెండు, పసుపుదాని మీద ఇరవై.

"ఈ పసుపువి యాడివి?"

"పక్క తోట కందసామన్న తన తుపాకీ అమ్మేసి, మిగిలినవి ఇచ్చినాడు. నా తుపాకీ పన్నెండు నెంబరుది. ఇరవై అంటే పన్నెండు కంటే పెద్దది. సరిపడకపోతే గొట్టంలో దూరనే దూరదు. దారం చుట్టేదానివి, నీకెందుకక్కా ఇదంతా?" అని అదే గొట్టంలో ఎర్ర తూటా వేసి తుపాకీ మూసేశాడు.

ఆ మాట చురుక్కుమంది. కానీ పొన్నమ్మాళ్ మనసు ఇరవై దగ్గరే ఆగిపోయింది. మిల్లులో ఇరవయ్యో నెంబరు నూలు లావు, నలభయ్యో నెంబరు సన్నం. నెంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. చేరిన కొత్తలో తనూ తలకిందులుగా లెక్కేసి మేస్త్రీ చేత చీవాట్లు తింది. రెండు తూటాలనీ అరచేతిలో పక్కపక్కన పెట్టి చూసింది. పసుపుది సన్నగా ఉంది. తూటా లెక్కా అంతే.

సన్నది గొట్టంలోకి జారిపోయింది. ముందుకు పోయి ఇరుక్కుని ఉంది!

దొరసామి తుపాకీని భుజానికి ఆనించాడు. లోటా విసిరేసి ఆమె వాడి మోచెయ్యి పట్టుకుంది. "దించరా! అమ్మ మీద ఒట్టు, దించు!"

ఆ కేకకు పందులు పారిపోయాయి. "పోయినాయి! అన్నీ పోయినాయి! నీకు తృప్తేనా?" అని దొరసామి మండిపడ్డాడు.

"తర్వాత తిట్టుకో. ఆ ఎర్రది తీసేసి గొట్టంలోంచి ఆకాశం చూడు."

గొణుక్కుంటూ తీశాడు, చూశాడు. ఎడమ గొట్టంలో తెల్లటి వెలుగు గుండ్రంగా కనిపించింది. కుడి గొట్టంలో చీకటి.

దొరసామి గొట్టం తుడిచే చెక్క కడ్డీ తెచ్చాడు. దాన్ని గొట్టం ముందు నుంచి మెల్లగా, మెల్లగా తోశాడు. పసుపు తూటా వెనక్కి జారి అరచేతిలో పడింది, మందూ గుండ్లూ నిండుగా. ఎర్రది పేలి ఉంటే, బయటికి దారి లేక గొట్టం అక్కడే పగిలేది. సరిగ్గా అక్కడే అతని ఎడమ చెయ్యి ఉండింది. ఆ చేత్తోనే రాత్రి బిడ్డను జోకొట్టాడు. అరుగు మీద కూలబడి ఆ చేతినే చూసుకుంటూ ఉండిపోయాడు.

కేక విని కందసామి కంచె దాటి వచ్చాడు. "ఏమైంది దొరసామీ? ఈమె ఎవరు?"

దొరసామి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "మా అక్క. పీలమేడు మిల్లులో నూలు చుడతాది."

"నీకు అక్కే లేదన్నావే?"

"అన్నాను. తప్పు చేసినాను అన్నా."

 పొన్నమ్మాళ్ నేల మీద పడ్డ లోటా తీసుకుని, మళ్ళీ కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.