బజారుకెళ్ళిన అమ్మ

మతిమరుపు కూడా ఒక్కోసారి మనిషి మీద జాలిపడుతుంది. దర్జీ మాస్టరుగారి విషయంలో అదే జరిగింది. కత్తెర పట్టడం గుర్తుంది, పాత ఖాతాదార్ల నడుం కొలతలు గుర్తున్నాయి, భార్య పోయిన సంగతి ఒక్కటే గుర్తులేదు.

ముందుగదిలో కుట్టు దుకాణం ఇప్పుడు కూతురు నడుపుతోంది. ఆయన మెడలో టేపు వేసుకుని మూల కుర్చీలో కూర్చుంటాడు. రోజూ ఏదో ఒక వేళకి అడుగుతాడు.

"చొక్కాలకి కాజాలు కుట్టాలి. మీ అమ్మ ఏదమ్మా?"

కాజాలు, గుండీలు ఎప్పుడూ ఆవిడ పనే.

"బజారుకెళ్ళింది నాన్నా. వచ్చేస్తుంది."

"వెళ్తే ఒక పట్టాన రాదు. దారిలో కనబడ్డవాళ్ళందరితో కబుర్లు పెట్టుకోవద్దూ!" అని నవ్వుకుని గుడ్డముక్కలు మడతపెట్టుకునేవాడు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. ఒక్క అబద్ధంతో ముసలాయన ప్రాణం కుదుటపడుతుంటే ఏ పాపమూ అంటదు.

ఒకరోజు ఆ అబద్ధం ఆడే ఓపిక ఆమెకి లేకపోయింది. పొద్దున్నే ఎవరో జాకెట్టు బిగుతైందని నానా మాటలూ అని వెళ్ళారు. కరెంటు పనిచేసే భర్త ఆ రోజు పని దొరక్క ఇంట్లోనే ఉండి, దుకాణం ప్రచారానికని కొత్త మెడ డిజైన్ని ఫోన్లో వీడియో తీస్తున్నాడు. సరిగ్గా అప్పుడే నాన్న అడిగాడు.

"అమ్మ చచ్చిపోయింది నాన్నా! ఎన్నిసార్లు అడుగుతావ్?"

ఆయన మెడలో టేపు తీసి, మెల్లగా చుట్టచుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నాకెవరూ చెప్పలేదేమ్మా?" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె పరుగున వెళ్ళి కావలించుకుంది. ఇద్దరూ ఏడ్చారు. భర్త ఫోను దించలేదు.

అతను నెట్లో పెట్టిన ఆ వీడియో చూసి ఊరూ పేరూ తెలియని జనం లక్షల్లో కళ్ళు తుడుచుకున్నారు. డబ్బులొచ్చాయి. మోటారు మిషను వచ్చింది, పెద్ద డాక్టరుకి చూపించారు, వాన కారే కప్పు బాగైంది. దుకాణంలోకి వీడియోలకని స్టాండు మీద గుండ్రటి లైటొకటి వచ్చింది.

"దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. మామయ్యకి ఎలాగూ గుర్తుండదు కదే! కాసేపటికి మర్చిపోతారు. ఆ డబ్బు ఆయన మందులకే కదా!" అన్నాడు భర్త. అతనేమీ చెడ్డవాడు కాదు. ఆమె కూడా నమ్మింది. అవసరమైనదాన్ని నమ్మడం ఎంతసేపు?

అప్పట్నుంచి వారం వారం ఆ ముసలాయన భార్య కొత్తగా చచ్చిపోయింది. ప్రతిసారీ టేపు చుట్టేవాడు, ప్రతిసారీ "నాకెవరూ చెప్పలేదేమ్మా?" అనేవాడు. ఒకసారి ఏడుపు కాస్త తగ్గితే, "ఇది అంత బాగా రాలేదు, సాయంత్రం మళ్ళీ చూద్దాం" అన్నాడు భర్త. ఆమె సరేనంది. అన్నాక తన నోరు తనకే అసహ్యమేసింది, అయినా సాయంత్రం చెప్పింది.

కొన్నాళ్ళకి ఆయన అడగడం మానేశాడు. కాజాలు లేని చొక్కా తెచ్చి ఒళ్ళో పెట్టినా అడగలేదు. సరే, మనమే మాట కలుపుదామని భర్త లైటు వేశాడు. ఇంకా ఎవరూ ఏమీ అనలేదు. ఆ వెలుగు మొహం మీద పడగానే ముసలాయన చేతులు మెడ దగ్గరికి వెళ్ళాయి. టేపు తీసి చుట్టడం మొదలుపెట్టాడు.

"వద్దమ్మా, చెప్పొద్దు."

"ఏం చెప్పొద్దు నాన్నా?"

"తెలీదు. చెప్పొద్దు."

ఆమె లేచి ప్లగ్గు లాగేసింది.

"ఏమైందే?" అన్నాడు భర్త.

"మా అమ్మ ఒక్కసారే పోయిందండీ. మిగతా అన్నిసార్లూ నేనే చంపాను. ఇక చాలు."

అతను స్టాండు తనే మడిచి అటక మీద పడేశాడు.

మర్నాడు నాన్న అడగకుండానే ఆమె వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. "అమ్మ బజారుకెళ్ళింది నాన్నా. కాజాల వేళకి వచ్చేస్తుంది."

ఆయన నవ్వలేదు. దగ్గరికి రమ్మని సైగచేసి గొంతు తగ్గించాడు.

"మీ అమ్మ సంగతి సరేనమ్మా. మనింట్లో ఎవరో పోయారు. ఎవరో గుర్తు రావట్లేదు."

"ఎవరూ పోలేదు నాన్నా."

"మరి నాకెందుకింత ఏడుపొస్తోంది?"

ఆమెకి తెలిసిన అబద్ధం ఒక్కటే. అది కాస్తా అయిపోయింది. ఆయన మోకాలి మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. కూతురికీ ఆ పోయిన మనిషే గుర్తొచ్చి ఉంటుందనుకున్నాడు కాబోలు, ఆయన తల నిమిరాడు.

"ఊరుకో తల్లీ, ఊరుకో. మీ అమ్మని రానీ. దానికన్నీ గుర్తుంటాయి. అడుగుదాం."