బ్యాగు దగ్గర ఎవరుంటారు?

విమానంలో కిటికీ పక్క సీటు మా ఇద్దరికీ కలిపి ఒకటే వచ్చింది. ఇంకెవరైనా అయితే ఒకరి భుజం మీంచి ఒకరు తొంగిచూసేవాళ్లు. మేం వంతులు వేసుకున్నాం. ముందు నేను కూర్చుని మబ్బులు చూసి, లేచి ఆయనకు చెప్పాను. తర్వాత ఆయన కూర్చుని, చూసి, నాకు చెప్పారు. ఆయనకవి ఏకిన దూదిలా కనిపించాయట. నాకూ అలాగే కనిపించాయి గానీ, వెంటనే ఒప్పుకుంటే మొగుడికి అలుసైపోతామని ఊరుకున్నాను.

మాది బట్టలు కుట్టే కొట్టు. ఆయన కత్తిరించేవారు, నేను కుట్టేదాన్ని. పని వేళల్లో కొట్టు మూయకూడదని ఆయన పట్టుదల. ఒక్కసారి మూసిన తలుపు చూశారంటే జనం పక్క వీధి టైలరుకు అలవాటు పడిపోతారని భయం. అందుకని పెళ్లయిన నాటి నుంచి మేమిద్దరం కలిసి గడప దాటింది లేదు. చుట్టాలింట్లో పెళ్లికి పొద్దున నేను వెళ్తే సాయంత్రం ఆయన. సినిమాకు మ్యాటినీ నేను, ఫస్ట్ షో ఆయన. ఇంటికొచ్చాక తీరిగ్గా చెప్పుకునేవాళ్లం. ఆయన చెబుతుంటే, మేం చూసింది ఒకే సినిమాయేనా అని అనుమానం వచ్చేది. కథ ఒక్క ముక్క గుర్తుండదు మహానుభావుడికి. హీరో కోటు భుజం దగ్గర ఎలా ముడత పడిందో మాత్రం పూసగుచ్చినట్టు చెప్తారు.

మోకాళ్లు మొరాయించాక కొట్టు మా మరిది కూతురికి అప్పగించాం. ఆ వారమే మా అమ్మాయి విదేశీ యాత్ర టికెట్లు తెచ్చి చేతిలో పెట్టింది. "ఇప్పుడైనా ఇద్దరూ కలిసి తిరిగి రండమ్మా" అంది. మోకాళ్ల సంగతి మర్చిపోయి ఎగిరి గంతేశాను. ఏదైనా సరే, ఒక్కటైనా సరే, ఈయన పక్కన నిలబడి ఇద్దరం ఒకేసారి చూడాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను. నా జీవితంలో నేనడిగింది అదొక్కటే అంటే అబద్ధం అవుతుంది, చాలానే అడిగాను. కానీ ఇది మాత్రం ఎవరినీ అడగలేదు.

దిగిన దగ్గర్నుంచి నాకు కాలు నిలవలేదు. నడిరోడ్డు మీద రైలు పెట్టెలు గంట కొట్టుకుంటూ పోతున్నాయి. ముసలివాళ్లు సైకిళ్ల మీద మమ్మల్ని దాటేసి పోతున్నారు. ఒకావిడ కుక్కకు కోటు తొడిగి షికారు తిప్పుతోంది. నేను నోరు వెళ్లబెట్టి చూస్తుంటే ఆయన నా చెవిలో, "చంక దగ్గర గుడ్డ చాల్లేదే, పాపం ఆ కుక్క ఎలా నడుస్తోందో చూడు" అన్నారు. నవ్వాపుకోలేక నేను అక్కడే కూలబడ్డాను.

పసుపు జెండా పట్టుకుని మా గుంపును నడిపించే గైడు పిల్ల మమ్మల్ని ముందుగా ఓ కోటకు తీసుకెళ్లింది. మందులు, శాలువాలు, పాస్‌పోర్టులు ఉన్న నల్ల బ్యాగు ఆయన భుజానుంది. గుమ్మం దగ్గర బెంచీ చూసుకుని, దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. "నువ్వెళ్లి చూసిరా, నేనిక్కడుంటా" అన్నారు. వింత చూడండి, నాకూ అందులో వింతేమీ కనపడలేదు. సరేనని చక్కా వెళ్లిపోయాను. అద్దాల గదులు, ఆకాశమంత కప్పు, ఏనుగు పట్టే మంచాలు! పరుగున వచ్చి అన్నీ చెప్పి, బ్యాగు దగ్గర కూర్చున్నాను. అప్పుడాయన వెళ్లి, కాపలావాళ్ల చొక్కా గుండీలు చూసి వచ్చారు.

పడవ షికారూ అంతే, బొమ్మల మ్యూజియమూ అంతే. ఆఖరికి హోటల్లో టిఫిను కూడా ఒకరు తిని వచ్చాకే ఇంకొకరు. గైడు పిల్ల ఉండబట్టలేక, "ఆంటీ, మీకూ అంకుల్‌కూ మాటల్లేవా?" అని అడిగేసింది.

"అదేం మాటమ్మా! చెప్పుకోడానికి మాటలుంటాయనేగా విడివిడిగా చూడ్డం!" అన్నాను గొప్పగా.

ఆ సాయంత్రం మా అమ్మాయి ఫోన్ చేసింది. నేను పంపిన ఫొటోలన్నీ చూసిందట. "అమ్మా, ప్రతి ఫొటోలో ఒక్కరే ఉన్నారేంటి? పోట్లాడుకున్నారా?" అంది.

ఫోన్ పెట్టేసి ఫొటోలన్నీ మళ్లీ తిప్పి చూశాను. కొట్టు వదిలేసి సముద్రాలు దాటి వచ్చినా, కొట్లో ఉన్నట్టే ఉన్నాం. యాత్రలో ఇక మిగిలింది మంచుకొండ ఒక్కటే.

మర్నాడు కొండ కింద తీగల మీద నడిచే పెట్టె ఎక్కడానికి బారులు తీరి నిలబడ్డాం. తలెత్తితే కొండ తెల్లగా మెరుస్తోంది. చిన్నపిల్లలా గెంతాలని ఉంది నాకు. ఇంతలో గైడు పిల్ల, "పైన గాలి పెరుగుతోందట. అందరూ ఇప్పుడే ఎక్కేయండి, మళ్లీ ఇంకో ట్రిప్పు ఉండదు" అని కేకేసింది.

ఆయన మళ్లీ ఓ బెంచీ వెతుక్కుని, బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"నువ్వెళ్లిరా. వచ్చి చెప్దువుగాని. నువ్వు చెప్తే నేను చూసినట్టే ఉంటుంది."

ఇంకోరోజైతే ఆ మాటకు మురిసి ముక్కలయ్యేదాన్ని. ఆ రోజు ఒళ్లు మండిపోయింది.

"నేను చెప్పను."

"ఏం?"

"చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. మీరు రాకపోతే నేనూ వెళ్లను. ఇక్కడే కూర్చుంటా."

"పిచ్చిదానా, ఇద్దరం వెళ్తే బ్యాగు దగ్గర ఎవరుంటారే?"

గట్టిగా అరవబోయి ఆగిపోయాను. బ్యాగు వంక చూశాను. కోట దాకా ఆయన భుజమ్మీదే వచ్చింది కదా. పడవ రేవు దాకా నా భుజమ్మీదే వచ్చింది. కొట్టంటే ఎత్తుకెళ్లలేం గానీ, దీనికేం రోగం?

ఆయన ఒళ్లోంచి బ్యాగు లాక్కుని, భుజానికి తగిలించుకుని, వెళ్లి పెట్టెలో కూర్చున్నాను. కాపలా కాయడానికి ఆయన దగ్గరింక ఏమీ మిగల్లేదు. బెంచీ మీద ఖాళీ చేతులతో ఓ క్షణం అయోమయంగా చూసి, "ఆగు, ఆగవే!" అంటూ పరుగెత్తుకొచ్చారు. ఆయన మోకాళ్లు కూడా బానే పనిచేస్తున్నాయని అప్పుడే తెలిసింది.

పెట్టె ఊగుతూ పైకి లేచింది. పక్కనున్న కమ్మీ గట్టిగా పట్టుకున్నాను. అయినా భయం కంటే సంతోషమే ఎక్కువగా ఉంది. పైన దిగి నాలుగడుగులు వేశామో లేదో, మబ్బు తెర తొలిగింది. ఎటు చూసినా తెలుపే. ఒకదాని వెనక ఒకటి కొండలు, ఆ కింద ఎక్కడో అగ్గిపెట్టెలంత ఇళ్లు. గట్టిగా అరిచాననుకుంటాను. కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి, నవ్వుతూనే ఉన్నాను.

ఏమయ్యారా అని తిరిగి చూస్తే, ఆయన కొండ వైపు చూడటం లేదు. నా వైపే కళ్లప్పగించి నిలబడ్డారు.

"నన్నేం చూస్తారు? అటు చూడండి!"

"చూస్తాలే. ఇన్నేళ్లూ నువ్వు వచ్చి చెప్తే విన్నానే గానీ, చూసేటప్పుడు నీ మొహం ఇలా ఉంటుందని నాకేం తెలుసు?" అన్నారు.