సొరకు వాసన ఉండదు

సత్యకుమారి సొరచేప పొట్ట చీల్చి, రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చి ముక్కు దగ్గర పెట్టుకుంది. సూదులతో గుచ్చినట్టు ఘాటు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చేప పాడైపోయింది.

గోడ మీద గడియారం ఎనిమిదిన్నర చూపిస్తోంది. పన్నెండింటికి హారతి భోజనానికి కూర్చుంటుంది. ఇంటి ఆడపడుచు, నెల తిరగని బాలింత. పాలు చాలక పసివాడు నిన్నటి నుంచీ ఏడుస్తున్నాడు. సొరను పొడిపొడిగా వేయించి సొరపొట్టు పెడితే పాలు పడతాయని చేప తెప్పించారు.

ఆవిడ చేతులు కడుక్కుని పూజగది గుమ్మం దగ్గరికెళ్ళింది.

"వదినగారూ, ఈ చేప వద్దండి. పాడైంది."

ఇంటి యజమానురాలు వరలక్ష్మమ్మ కుంకుమ భరిణె మూత తీస్తూ నవ్వింది. "సొరంటే ఆమాత్రం వాసన ఉంటుందండి. మా అత్తగారి నాటి నుంచీ ఇదే వాసన. కాస్త అల్లం ఎక్కువ దంచండి."

"బాలింతకండి..."

"గుమస్తా అబ్బులు తెచ్చినదాన్ని ఎప్పుడైనా బాగోలేదన్నామా? మగవాళ్ళు మోసుకొచ్చినదానికి వంకలు పెట్టే ఇల్లు కాదండి ఇది."

తలుపు మూసుకుంది. ఇక గంటన్నర తీయదు.

సత్యకుమారికి యాభై రెండేళ్ళు. పొడుగాటి సన్నటి మనిషి. పసుపు పట్టిన గోళ్ళు, ముంజేతి మీద గంజి ఒలికి కాలిన మచ్చ. ఇరవై నాలుగో ఏట భర్త పోతే, వరలక్ష్మమ్మ భర్త, వరుసకు అన్నగారైన బంగార్రాజుగారి వంటింట్లోకి వచ్చింది. భీమవరానికి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఈ ఇంటి ఆడవాళ్ళు బజారు మొహం చూడరు. చేప మూడు చేతులు మారి, పెరటి గుమ్మానికి వచ్చేసరికి సగం కుళ్ళిన వాసనేస్తుంది. మూడు తరాలుగా వాళ్ళు దాన్నే సొర వాసన అనుకుంటున్నారు. సత్యకుమారీ అలాగే అనుకుంది, మస్కట్ వెళ్ళేదాకా.

బంగార్రాజుగారి పెద్దబ్బాయి సూర్యతేజ అక్కడ ఇంజనీరు. భార్య మంజుష పురిటికి సాయంగా ఆవిణ్ణి తీసుకెళ్ళాడు. రెండేళ్ళుంది. ప్రతి శుక్రవారం తెల్లవారుతూనే మంజుష స్వయంగా కారు నడుపుకుంటూ ఆవిణ్ణి మత్రా చేపల బజారుకు తీసుకెళ్ళేది. మొదటిరోజు సత్యకుమారి ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని దిగింది. రెండు నిమిషాల తర్వాత తీసేసింది. గోడ అవతల సముద్రం. బల్లల మీద అప్పుడే పట్టిన, ఇంకా వంకర తిరిగి ఉన్న చేపలు. సాలిం అనే ముసలాయన పిల్లసొర పొట్ట కోసి ఆవిడ ముక్కు దగ్గర పట్టాడు. ఉప్పునీళ్ళ వాసన. అంతే.

"జైన్?" అన్నాడు. బాగుందా అని అర్థమట. వండి పెట్టడమే తప్ప, బాగుందా అని ఆవిణ్ణి అడిగినవాళ్ళు అంతవరకు లేరు.

ఆవిడ తల అడ్డంగా ఊపింది, సరదాకి. ఆయన ఇంకోటి కోశాడు.

విమానం ఎక్కేముందు మంజుష చేతులు పట్టుకుంది. "పిన్నిగారూ, బజారు సంగతి, కారు సంగతి అక్కడ అనకండి. రేపు నేనూ ఆ ఇంటికే రావాలి."

వచ్చి ఎనిమిది నెలలైంది. ఇప్పటికీ శుక్రవారం తెల్లవారుజామునే మెలకువొస్తుంది. అబ్బులు తెచ్చిన వంకాయల్ని ఒక్కొక్కటీ తిప్పి చూస్తుంది. నచ్చనిది పక్కన పెట్టబోతుంది. ఎక్కడ పెట్టాలి? తెచ్చినవన్నీ వండవలసినవే. ఉద్యోగం అయిపోయి మంజుషావాళ్ళు వచ్చే నెలలో వచ్చేస్తున్నారు.

పూజగదిలో గంట మోగింది. సత్యకుమారి చేపను పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో పాతేసి, సంచీ పట్టుకుని వెనక గుమ్మంలోంచి బయటపడింది. రోడ్డు మీద ఆటో ఆపింది.

భీమవరం చేపల బజారు మత్రాలా లేదు. బురద, తడిసిన గోనెలు, ఈగలు. అయినా ఆవిడ కాళ్ళు తడబడలేదు.

"దారి తప్పారేంటండి అమ్మగారూ?" అంది ఒక చేపలావిడ.

"సొర చూపించమ్మా."

"చేత్తో ముట్టుకుంటారా? ఆయ్, ముట్టుకోండి మరి, కరవదులెండి!"

చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు. సత్యకుమారి పొట్ట కోయించి వాసన చూసింది. పక్కన పెట్టింది. రెండోదీ పక్కన పెట్టింది. మూడోదాని దగ్గర ఆగి మళ్ళీ పీల్చింది.

"ఇది."

చేపలావిడ నవ్వు ఆపేసింది. "నరసాపురం నుంచి పొద్దున్నే దిగిందండి ఇది. మీకెవరు నేర్పారండి?"

మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఎనిమిది నెలలుగా అడిగే మనిషి కోసమే చూస్తోంది.

"ఎవరూ నేర్పలేదమ్మా," అంది.

వెనక్కి తిరిగేసరికి ఎదురుగా అబ్బులు, ఎప్పటి నుంచి చూస్తున్నాడో. చేతిలో ఇడ్లీ పొట్లం.

"అమ్మగారూ! మీరిక్కడేంటండి?"

అతని చూపు ఆవిడ మొహం మీంచి చేప మీదికి దిగింది. తను తెచ్చిన చేప ఏమైందో అర్థమైపోయింది. గబగబా మోపెడ్ ఎక్కాడు. ఆటో కంటే మోపెడ్ ముందు చేరుతుంది.

ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అందుకే భయమేసింది. సొరను వేడినీళ్ళలో ముంచి ఇసకలాంటి తోలు గీకింది. పసుపేసి ఉడకబెట్టి, ముల్లు తీసి, పిడికిట పిండి, వెల్లుల్లి దండిగా వేసి వేయించింది.

"అత్తయ్యగారూ, ఇదేం చేపండి? వాసనే లేదు!" అంది హారతి. "ఇన్నాళ్ళూ ముక్కు మూసుకుని మింగేదాన్నండి." మూడుసార్లు వడ్డించుకుంది.

ఆమె చెయ్యి కడుక్కున్నాక వరలక్ష్మమ్మ పిలిచింది. వసారాలో బంగార్రాజుగారు ఇటు చూడకుండా పచార్లు చేస్తున్నారు. ఆ ఇంట్లో తిట్టినా మీరనే తిడతారు.

"బజారుకెళ్ళారంట," అంది వరలక్ష్మమ్మ.

"వెళ్ళానండి. చేప పాడైందని మీకు..."

"చేప సంగతి కాదండి. కోయించి, ఎంచి మరీ తెచ్చారంట. ఒక్కరోజులో వచ్చే విద్యా ఇది? మస్కట్‌లో అలవాటైందా?" గొంతు తగ్గించింది. "మంజుష పంపేదా? అవునని ఒక్క మాటనండి చాలు. మీ తప్పేం లేదని ఆయనకి నేను చెప్పుకుంటాను. మీ గది మీకుంటుంది."

వసారాలో చెప్పుల చప్పుడు ఆగిపోయింది. సత్యకుమారి నేలకేసి చూసింది. వచ్చే నెల ఈ గుమ్మంలోనే మంజుష కాలు పెడుతుంది.

"లేదండి. అక్కడ నేను గుమ్మమే దాటలేదు. బజారెలా ఉంటుందో కూడా తెలీదండి."



"అయితే ఇది మీ సొంత తెలివేనా?"

"నాదేనండి."

సాయంత్రంలోగా గది ఖాళీ చెయ్యమన్నారు. నాలుగు గంటలకు నిడదవోలు బస్సుంది. అక్కడ చెల్లెలి ఇల్లు. ఇరవై ఎనిమిదేళ్ళ సామాను ఒక సంచీలో పట్టింది. హారతి, పసివాడు నిద్రపోతున్నారు. లేపలేదు.

గేటు దగ్గర అబ్బులు సంచీ అందుకోబోయాడు. "అమ్మగారూ, నా ఉద్యోగం పోతుందని భయమేసిందండి..."

"ఇకనుంచి పొట్ట కోయించి చూడు అబ్బులూ. ఏ వాసనా రాకూడదు."

"ఆయ్," అన్నాడు తల వంచుకుని.

సంచీ ఇవ్వకుండానే ఆవిడ రోడ్డెక్కింది. బస్సు వేళకే వచ్చింది.

వంటింటి గట్టు మీద, అందరూ తిన్నాక తినొచ్చని తన కోసం తీసిపెట్టుకున్న సొరపొట్టు, చిన్న స్టీలు గిన్నెలో మూత కింద చల్లారిపోతోంది.