పోయి రా అనని ఉదయం

చిలకమ్మ పొద్దున్నే దోశపిండి రుబ్బుతోంది. రాత్రే రుబ్బి పెట్టుకోవచ్చు కదా అంటే వినదు. పులిసిన పిండి వాసన ఆమెకు కల్లుముంతను గుర్తు చేస్తుంది. మందు మానడానికి వచ్చిన పిల్లలకు ఇంకేం గుర్తు చేస్తుందోనని భయం. అందుకే ఆ ఇంట్లో దోశలు చప్పగా, పెనానికి అంటుకుపోతూ వస్తాయి. పిల్లలు నవ్వుకుంటూనే తింటారు.

అమీర్‌పేట మెట్రో వెనక సందులో ఉంది ఆ ఇల్లు. చుట్టుపక్కల మేడలన్నీ ఏదో ఒక కోర్సు నేర్చుకోవడానికి వచ్చినవాళ్లవి. ఈ మేడ ఒక్కటే మానుకోవడానికి వచ్చినవాళ్లది. నెలల తరబడి ఇక్కడే ఉండి, ఉద్యోగాలకు వెళ్లివస్తూ, మందు లేకుండా బతకడం అలవాటు చేసుకుంటారు. ముసురు పట్టిన ఆ ఉదయం రైళ్లు మబ్బులోంచి వచ్చి మబ్బులోకే పోతున్నాయి. అక్కడ వండిపెట్టే చిలకమ్మకు ఒక్కోసారి ఎవరి కలలోనో తను వంట చేస్తున్నట్టుంటుంది.

ఇవాళ కేదార్ వెళ్లిపోతున్నాడు. రాజమండ్రి వైపు పిల్లాడు. వెళ్లడం ఇది మూడోసారి. మొదటిసారి గేటు దాకా వెళ్లి "పోయి రా బిడ్డా" అంది. కొన్నాళ్లకే తూలుతూ వచ్చాడు. రెండోసారీ అదే అంది, రెండోసారీ వచ్చాడు. తన మాటే లాక్కొచ్చిందని ఆమె గట్టి నమ్మకం. మరి వెళ్లేవాళ్లను ఇంకేమంటారు? "పో" అంటారా? ఒక్కసారి అంది తను. తాగొచ్చిన మొగుణ్ణి, కనకయ్యను, విసిగిపోయి "పో" అంది. పోయాడు. తెల్లారి సిద్దిపేట బస్టాండులో, బల్ల మీద, శవమై కనిపించాడు.

పోయి రా అంటే వస్తాడు. పో అంటే... పెనం మీద దోశ మాడిపోయింది.

కేదార్ బ్యాగు భుజాన వేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె ముందు అతని చేతుల వంక చూసింది. వణకడం లేదు.

"వెళ్లొస్తానమ్మా."

ఆమె స్టవ్ తగ్గించింది. "మంచిగుండు బిడ్డా."

"అదేంటి, పోయి రా అనవా?"

"గీసారి అనను."

కేదార్ నవ్వబోయి ఆగిపోయాడు. వంగి ఆమె కాళ్లకు దండం పెట్టాడు. "సరేనమ్మా," అన్నాడు. "వెళ్తున్నా."

అతను సందు మలుపు చేరకముందే వాన జోరందుకుంది. కిటికీ ఊచకు అతని గొడుగు అలాగే వేలాడుతోంది. చిలకమ్మ దాన్ని తీసి కొంగు చాటున పెట్టుకుని గేటు దాకా పరుగెత్తింది. నోరు తెరిచింది. పిలిస్తే వినపడేంత దూరంలోనే ఉన్నాడు. పిలిస్తే వెనక్కి వస్తాడు. ఆమెకు ఏడుపు వచ్చింది, ఏడుపుతోపాటు సంతోషమూ వచ్చింది. పెదవులు బిగించుకుని, ఆ తడిసిన వీపు పంజాగుట్ట వైపు జనంలో కలిసిపోయేదాకా అక్కడే నిలబడింది.

నిలువునా తడిసి లోపలికి వచ్చి, గొడుగును ఊచకే తగిలించింది. నల్ల గొడుగు, మడతలు కూడా విప్పనిది, ఒక్క చినుకైనా తగలనిది.