సరిచేసిన వలయం

మా అక్క హైస్కూల్లో సైన్సు టీచరు. బావకి ఫోటో స్టూడియో ఉంది. ఆవిడ ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటుంది. ఆయన ఉన్నదాన్ని కాస్త బాగుచేసి చూపిస్తాడు. ఇన్నేళ్ల కాపురంలో ఈ విషయమై పేచీ రాలేదంటే, ఒకరి పనిని ఇంకొకరు ఏనాడూ పట్టించుకోకపోవడమే కారణం.

ఊళ్లో ఖగోళ సంఘం ఒకటుంది. లైబ్రరీ కింద నేలమాళిగలో ఉన్న హాల్లో ప్రతి శనివారం ఉపన్యాసం పెడతారు. వాటిని నడిపే ఆవిడ తప్పుకోవడంతో, ఆ బాధ్యత అక్కకి ఇద్దామా అన్న మాట వచ్చింది. ముందు బ్లాక్‌హోల్ మీద ఒకసారి మాట్లాడి చూపించమన్నారు. సంఘం అధ్యక్షుణ్ణి అందరూ పెద్దాయన అంటారు. ఆయన నియమం ఒకటే. తెరమీద వేసే ప్రతి బొమ్మా ఎక్కడిదో, ఎలా తయారైందో చెప్పాలి, తప్పు బొమ్మ వేస్తే మళ్లీ వేదిక దొరకదు. వెనకటికి ఒకాయన సినిమాలోని బొమ్మని టెలిస్కోపుతో తీసిన ఫోటో అని చూపించి, ఆ తర్వాత ఆ హాలు మెట్లు దిగలేదు.

అక్కకి ఆ శనివారాలు కావాలి. ఏదీ నోరు తెరిచి అడగని మనిషి, నాతో పైకే అంది. "బళ్లో అందరూ పరీక్షలో ఏమొస్తుందని అడుగుతారే. అక్కడ తెలుసుకుందామని అడుగుతారు. నాకది కావాలి."

సెలవు పెట్టుకుని విశ్రాంతికని వచ్చిన నన్ను బొమ్మలు వెతకడానికి కూర్చోబెట్టింది. బ్లాక్‌హోల్ అని కొట్టగానే కుప్పలుతెప్పలుగా వచ్చిపడ్డాయి. ఒకదాంట్లో నక్షత్రాలు సుడి తిరుగుతూ గొయ్యిలోకి జారిపోతున్నాయి.

"ఇది వాష్‌బేసిన్. తీసెయ్" అంది అక్క.

ఊదారంగు మెరుపులున్నది చూపించాను.

"ఇది వాల్‌పేపర్."

మూడోదాని దగ్గర ఆగింది. నల్లటి గుండ్రం చుట్టూ వెలుగు పళ్లెం, పైన వంపు తిరిగిన ఇంకో వెలుగు. బొమ్మ కన్నా దాని కింద రాసింది ఎక్కువసేపు చదివింది. ఎవరు లెక్క కట్టారో, ఏ పరిశోధనా వ్యాసంలోదో పట్టుకునేదాకా వదల్లేదు. నాకు ఆవలింతలు ఆగలేదు.

"పైన ఆ వంపేంటక్కా?"

"వెనకాల ఉన్న వెలుగే. బ్లాక్‌హోల్ బరువుకి దారి వంగి, పైనుంచి మనదాకా వస్తోంది. ఇది నమ్మొచ్చు. కాకపోతే ఫోటో కాదు, లెక్క కట్టి గీసిందని కింద రాయి."

ఆఖరున తీసింది అసలు బొమ్మ. మసగ్గా నారింజరంగు ఉంగరం. కిందవైపు వెలుగెక్కువ, పైన తక్కువ.

"తీసేటప్పుడు చెయ్యి వణికినట్టుంది" అన్నాను.

అక్క నవ్వలేదు. "దూరదూరంగా ఉన్న రేడియో టెలిస్కోపులు కలిసి పట్టిన సమాచారం నుంచి కట్టింది. రంగు మనం వేసుకున్నదే. కానీ ఆ ఎక్కువతక్కువలు నిజం. అక్కడ తిరిగే వాయువు మనవైపు దూసుకొచ్చే చోట వెలుగెక్కువగా కనిపిస్తుంది. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క బొమ్మకోసమే."

బావ తలుపు దగ్గర నిలబడి వింటున్నాడని అప్పుడే చూశాం. "నా లాప్‌టాప్ తీసుకెళ్దాం. రంగులు బాగా పడతాయి. బొమ్మలన్నీ నేనే ఎక్కిస్తాలే" అన్నాడు. అక్క పనిలో ఆయన వేలు పెట్టడం అదే మొదలు. అక్క మొహం వెలిగిపోయింది. చూసి నాకే ముచ్చటేసింది.

శనివారం హాలు నిండింది. బావ ప్రొజెక్టరు పక్కన కూర్చుని బొమ్మలు మారుస్తున్నాడు. అక్క తడుముకోకుండా చెప్పుకుపోతోంది. ముందు వరసలో పెద్దాయన తలాడిస్తున్నాడు. ఇక చాలు, శనివారాలు మావే అనుకున్నాను.

"ఇప్పుడు అసలు బొమ్మ" అంది అక్క.

తెరమీద అప్పుడే మెరుగుపెట్టిన గాజులాంటి వలయం పడింది. మసక లేదు. వెలుగు చుట్టూతా ఒకే తీరున ఉంది. జనం ఆహా అన్నారు. బావ నావైపు తిరిగి, చూశావా అన్నట్టు కనుబొమలెగరేశాడు. అక్క మొహంలో నెత్తురుచుక్క లేదు.

చూసీచూడనట్టు ముందుకెళ్లిపోవచ్చు. హాల్లో సగానికి సగం మందికి తేడా తెలియదు. అక్క అలా చెయ్యలేదు.

"ఈ బొమ్మ తప్పు" అంది. తర్వాత నెమ్మదిగా, "ఏవండీ, దీన్ని మార్చారా?" అని అడిగింది. మైకు ఉందన్న సంగతి మరిచిపోయింది.

"మసగ్గా ఉంది కదా, శుభ్రం చేశాను. ఒక పక్క వెలుగు తగ్గితే సమం చేశాను" అన్నాడు బావ. ఎవరో కిసుక్కున నవ్వారు.

"పాతది వెయ్యండి."

"దానిమీదే సేవ్ చేశాను."

నేను ఫోను తీశాను. ఆ నేలమాళిగలో సిగ్నల్ లేదు. అక్క పక్కనున్న బోర్డు దగ్గరికెళ్లి, సుద్దముక్కతో ఉంగరం గీసింది. బొటనవేలితో అంచులు చెరిపింది. కిందవైపు మందంగా దిద్దింది. "ఇది ఫోటో కాదు, గుర్తున్నంతవరకు నేను గీసింది. దీంట్లో మీరు చూడాల్సింది ఈ మందం ఒక్కటే" అని, అక్కణ్ణుంచి చివరిదాకా చెప్పింది. చప్పట్లు బాగానే మోగాయి.

పెద్దాయన లేచాడు. "చక్కగా చెప్పావమ్మా. కానీ తెరమీదకొచ్చిన ఆ బొమ్మకి ఎవరు బాధ్యులు?"

"తప్పు నాదేనండీ. ఆవిడకి తెలీదు" అన్నాడు బావ, సగం లేచి.

"మీరు కూర్చోండి" అంది అక్క. "ఎక్కించాక నేను చూసుకోవాలి. చూసుకోలేదు."

"నియమం నియమమేనమ్మా" అన్నాడు పెద్దాయన. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా ఆయన్ని అనడానికేముంది, ఆ నియమాన్ని మా అక్క అందరికన్నా ఎక్కువ నమ్ముతుంది. శనివారాలు ఒక కాలేజీ లెక్చరరుకి వెళ్లాయి.

ఇంటికెళ్లేటప్పుడు కారు బావే నడిపాడు.

"మసక ఫోటో ఇస్తే మా దగ్గర మొహాన కొడతారు. సరిచేశాక పాతది కావాలని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు" అన్నాడు బావ. "అంతమంది ముందు నువ్వు చిన్నబోకూడదనే చేశాను."

"తెలుసు. నాకోసమే చేశారు. అందుకే ఏడుపొస్తోంది. తిట్టడానికి కూడా లేకుండా చేశారు" అంది అక్క.

బావ అడిగాడు. "ఇంతకీ ఆ కిందవైపు వెలుగెందుకు ఎక్కువుంటుంది?"

"ఇప్పటిదాకా నేను చెప్పింది అదే కదండీ!"

"నేను జనాన్ని చూస్తూ కూర్చున్నాను. బొమ్మలు వాళ్లకి నచ్చుతున్నాయా లేదా అని."

అక్క కారు పక్కకి ఆపమంది. బావ ఆపి, ఇంజన్ కూడా కట్టేశాడు. అక్క కళ్లు తుడుచుకుని, మొదటి మాటనుంచి మళ్లీ చెప్పింది. నేను రెండోసారి విన్నాను. బావ మొదటిసారి విన్నాడు.