నలభై మందికి ఊఁ కొట్టాను

నాకు ముక్కు మీద కోపం. నోరు ఊరికే ఉండదు. అలాంటి నన్ను సైకాలజీ పరిశోధనలోకి ఎవరు రానిచ్చారా అని ఇంట్లో అందరూ ముక్కున వేలేసుకున్నారు. రానిచ్చింది స్టాప్‌వాచ్ అక్క. మా కాలేజీలోనే పీహెచ్‌డీ చేస్తుండేది. మెడలో ఎప్పుడూ స్టాప్‌వాచ్ వేలాడుతుంది కాబట్టి ఆ పేరు. డిగ్రీ రెండో ఏడాదిలో "నాకూ ఏదైనా పని ఇవ్వక్కా" అని నెల రోజులు వెంటపడితే, "నీ పోరు పడలేను తల్లీ, రా" అంది.

పని వినడానికి చిన్నదే. అరవై దాటినవాళ్ళను ఒక్కొక్కరినే మేడమీది గదిలో కూర్చోబెట్టి పదిహేను మాటలు చదివి వినిపించాలి. ఆ తర్వాత రెండు నిమిషాల్లో వాళ్ళకు గుర్తున్నవి చెబుతుంటే రాసుకోవాలి. తప్పు చెప్పినా ఒప్పు చెప్పినా మనం ఉలకకూడదు, పలకకూడదు.

"గడియారం ఆగేదాకా నువ్వు మనిషివి కావు, గోడవి. ఆగాక నీ ఇష్టం, ఎంతసేపైనా వాగు" అంది అక్క.

"ఓస్, అదెంత పని!" అన్నాను.

రెండు నెలల్లో నలభై మందిని నేను చూశాను, నలభై మందిని అక్క చూసింది. అక్క వాళ్ళకన్నా నావాళ్ళకు సగటున రెండు మాటలు ఎక్కువ గుర్తున్నాయి. అక్క గైడు, మేం పెద్దసారు అని పిలిచే ఆయన, "నీ హస్తవాసి మంచిదమ్మా" అన్నారు. ఆ ముక్క ఇంట్లో కనీసం పదిసార్లు చెప్పి ఉంటాను.

రాసుకున్నవి సరిచూడటానికి ఒక మధ్యాహ్నం ఆ గదిలో చేసిన రికార్డింగులు వినడం మొదలుపెట్టాను. మొదటాయన రిటైరైన టైలరు. "దారం" అన్నారు. వెంటనే నా గొంతు, "ఊఁ." "గంట" అన్నారు. "ఊఁ." "సూది" అన్నారు. సూది మా జాబితాలో లేదు. నా గొంతు వినిపించలేదు. ఆయన ఒక్క క్షణం ఆగి, "కాదు కాదు, సూది కాదులే... నిచ్చెన!" అన్నారు. "ఊఁ" అన్నాను, మహా సంతోషంగా.

రెండోది విన్నాను, పదోది విన్నాను, నలభయ్యోది కూడా విన్నాను. అన్నిట్లోనూ అదే ఊఁ. ఇదంతా మా అమ్మమ్మ చలవ. నేను ఊఁ కొట్టకపోతే "వింటున్నావా, నిద్రపోయావా?" అని కథ ఆపేసేది. ఆ అలవాటు ఎంతగా పాతుకుపోయిందంటే, ఊఁ అంటున్నట్టు నాకే తెలియదు.

ఆరు వారాల్లో అక్క థీసిస్ ఇవ్వాలి. అది ఇస్తేనే వేరే కాలేజీలో తనకు ఉద్యోగం ఖాయం. ఈ రికార్డింగులు వినేదాన్ని నేనొక్కదాన్నే. చెరిపేస్తే అడిగేవాళ్ళు లేరు. నిజం చెప్పొద్దూ, చెరిపేసే మీట మీద వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తర్వాత లేచి అక్క దగ్గరికి వెళ్ళాను.

అక్క మూడు విని హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పడేసింది. "నీకసలు బుద్ధుందా? గోడవి కమ్మంటే కోరస్ పాడావేంటే!" అంటూ ఉతికి ఆరేసింది. నాకూ ఒళ్ళు మండింది కానీ ఎవరిమీద తెచ్చుకోను కోపం? వెక్కి వెక్కి ఏడ్చాను. కాసేపటికి తనే, "ముఖం కడుక్కురా. సారు దగ్గరికి వెళ్దాం" అంది.

పెద్దసారు గదిలో నేను నోరు తెరిచేలోపే అక్క అందుకుంది. "తప్పు నాది సార్. మొదటిరోజే రికార్డింగు వినాల్సింది నేను. వినలేదు. ఈ నలభై తీసేసి, కొత్తవాళ్ళతో మళ్ళీ చేయిస్తాను."

"ఎవరితో చేయిస్తావు?" అన్నారాయన.

"ఈ పిల్లతోనే."

ఆ మాటకు అక్క కాళ్ళ మీద పడిపోవాలనిపించింది. ఇప్పటికీ తలుచుకుంటే కళ్ళు చెమరుస్తాయి.

వారం రోజులు అక్కే నా ఎదుట కూర్చుని పరీక్ష పెట్టించుకుంది. "తలుపు" అనాల్సిన చోట "మా అత్తగారి తలనొప్పి" అనేది, ముఖం ఏమాత్రం మారకుండా. నేను కిసుక్కున నవ్వడం, మళ్ళీ మొదటికి రావడం. అయిదో రోజుకు గోడనయ్యాను.

కొత్త నలభై మందికి నాలుగు నెలలు పట్టింది. ఈసారి నావాళ్ళ మార్కులు దిగి, అక్కవాళ్ళతో సమానమయ్యాయి. మార్కులు తగ్గితే ఎగిరి గంతేసింది జన్మలో ఆ ఒక్కసారే. ఈలోగా అక్క ఉద్యోగం ఇంకెవరికో వెళ్ళిపోయింది. "పోతే పోనీలే, ఇంకోటి రాకపోదు" అంది తప్ప నన్ను పల్లెత్తు మాట అనలేదు.

వైవా రోజున, ఇచ్చిన సమయం దాటకుండా అక్క బల్లమీద స్టాప్‌వాచ్ పెట్టుకుని మాట్లాడింది. నేను చివరి వరసలో కూర్చున్నాను. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు కాగితం తిరగేసి అడిగారు. "ఈ నలభై మందిని ఎందుకు తీసేశారు?"

"పరీక్ష పెట్టిన అమ్మాయి తనకు తెలియకుండానే ఊఁ కొట్టిందండీ. మేమెవరమూ పట్టుకోలేదు. తనే విని, తనే వచ్చి చెప్పింది. మళ్ళీ చేసింది కూడా ఆ అమ్మాయే. అందుకే మిగతా అంకెలన్నీ ధైర్యంగా మీ ముందు పెడుతున్నాను."

నేను ఉలకలేదు, పలకలేదు. కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. అక్క స్టాప్‌వాచ్ ఆపి, వెనక వరసలో ఉన్న నావైపు చూసింది.

గడియారం ఆగింది కదా. "ఊఁ" అన్నాను, హాలంతా వినిపించేలా.