నికొలస్ మాస్టారి గోడ మీది రాజు

ఈ సంగతి మొదట మలేసియాలో, క్లాంగ్ వెళ్లే రైల్లో ఏంజెలాగారి నోట వినబడింది. సొంత అన్నను గూర్చి కనుక ఆమె కొంత తగ్గించే చెప్పి ఉంటారు. తరువాత వాళ్ల ఊరు సుంగై సిపుట్‌లో మరి ఇద్దరు తగ్గించకుండా చెప్పారు.

ఆమె అన్న నికొలస్ చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాడు. పొద్దున్నే తల్లి మార్గరెట్‌కు టీ కాచి ఇచ్చి, గోడమీది పటాలు తుడవడం ఆయన దినచర్య. వాటిలో ఒకటి స్పెయిన్ రాజు ఐదవ ఫిలిప్‌ది. బిడ్డలు లేని రాజు చనిపోతే ఫ్రాన్సు నుంచి వచ్చి సింహాసనమెక్కినవాడు. అరగాన్ ప్రజల పాత హక్కులు కాపాడతానని ప్రమాణం చేసి, ఆరేళ్లకే ఒక్క శాసనంతో తుడిచిపెట్టినవాడు. మేకుకు తగిలించిన నాడే ఆ పటం తనంతట తాను తలకిందులైంది. అలాగే ఉంది.

"నిక్కీ, రాజు విగ్గులో దుమ్మున్నాదిరా, సరిగ్గా తుడు" అనేది మార్గరెట్. ఆ రాజు కథ ఆమెకు కంఠతా వచ్చు.

ఆమె కోరిక ఒక్కటే. "నాను పోయినాక చర్చీలో మన తెలుగు పాటే పాడాల. నువ్వు సూసుకోవాల, ఇన్నావా?"

"వింటున్నానమ్మా."

ఆ ఏడాది వాళ్ల తెలుగు చర్చి ముసలి పాస్టర్ తాతబాబుగారు తన తరువాత ఎవరన్నది చెప్పకుండానే పోయారు. క్లాంగ్‌లోని సంఘం పెద్దలు తమిళుడైన తినగరన్ అయ్యగారిని పంపారు. ఆచారం ప్రకారం ఆయన ముసలమ్మల ఎదుట నిలబడి, తమిళ అక్షరాల్లో రాసుకున్న తెలుగు ముక్కలు చూసి, "మీ పాట మార్చను" అని ప్రమాణం చేశారు. మార్గరెట్ మురిసిపోయింది.

ఆరు నెలలకు అయ్యగారు వేదిక మీద ఒక ఇంగ్లీషు కాగితం చదివారు. ఇకపై అన్ని చర్చీలకూ ఒకే క్రమం, ఒకే భాష, ఇంగ్లీషు. పాత ఏర్పాట్లు రద్దు. అక్కడ వేదిక మీద ఏది చదివినా చివర ఆమెన్ అనడం రబ్బరు తోటల్లో కూలి చేసిన నాటి అలవాటు. వృద్ధులంతా అన్నారు. అర్థమైనవాడు నికొలస్ ఒక్కడే. ఆయన నోరూ అంది.

"అభ్యంతరం ఏమైనా ఉందా, మాస్టారూ?" అయ్యగారు నవ్వుతూ అడిగారు.

నికొలస్ తన బూట్లవంక చూశాడు. "లేదండి."

ఇంటికి వచ్చేసరికి గోడ మీద రెండు పటాలు తలకిందులుగా ఉన్నాయి. రెండోది ఆయన పదవీ విరమణనాటి ఫోటో. మార్గరెట్ చేతికర్ర మీద ఆనుకుని వాటివంక చూసింది.

"ఏటి సదివినారురా అయ్యగోరు?"

చెప్పాడు.

"మరి నువ్వేటన్నావు?"

నికొలస్ వంగి బూట్లు విప్పుకోసాగాడు.

"తాక్ అపా" అందామె, బజారులో పరాయివాళ్లకు పరవాలేదని మలయ్‌లో చెప్పినట్టు. ఆపై కొడుకుతో ఆమె తెలుగు మాట్లాడలేదు. పాట సంగతి ఎత్తలేదు.

తినగరన్ అయ్యగారు ఇంకా పై పదవికి వెళ్లారు. ఏంజెలాగారి పిల్లలకు తెలుగు వింటే అర్థమవుతుంది, మాట్లాడడం రాదు. మార్గరెట్ నిరుడు ఏప్రిల్‌లో పోయింది. సమాధి దగ్గర ఎవరికీ తెలియని పాట ముగియగానే వృద్ధులు ఆమెన్ అన్నారు. నికొలస్ ఇప్పుడు ఒక్క కప్పు టీయే కాచుకుంటాడు. ముందు తన ఫోటో సరిచేసి వంటింట్లోకి వెళతాడు. కప్పుతో తిరిగి వచ్చేసరికి అది రాజు పక్కన, రాజులాగే ఉంటుంది.